నాయన వీల్‌చైర్ తిరిగేలా పాత అటాచ్డ్ బాత్రూం మార్చాలి (కర్నూలు)

తుంగభద్ర గట్టు · కర్నూలు

అందరికీ నమస్తే. మాది కల్లూరు ఎస్టేట్ వైపు, 1994లో కట్టిన ఇల్లు. అమ్మానాయన కింది అంతస్తులో ఉంటారు. వాళ్ళ గదికి ఉన్న అటాచ్డ్ బాత్రూంను పూర్తిగా పగలగొట్టి కొత్తగా చేయించాలని అనుకుంటున్నాం.

నాయనకు పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగా పని చేయవు. పగలు చేతికర్రతో నాలుగడుగులు వేస్తారు. రాత్రిపూట, ఒంట్లో నీరసంగా ఉన్నప్పుడు వీల్‌చైరే. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అయినా ఆమే ఆయన్ని పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. ఇద్దరూ కలిసి పడతారేమోనని నాకు రోజూ టెన్షన్. ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరి సాయమూ అడిగే అలవాటు లేని మనిషి మా నాయన. స్నానానికి ఇంకొకరు రావాలంటే ఆయన ముఖం చూడలేం. తలుపు వేసుకుని తనంతట తాను స్నానం చేసి రాగలిగితే ఈ పని సార్థకమైనట్టే.

బాత్రూం పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు. తలుపు 2 అడుగుల 3 అంగుళాలు, లోపలికి తెరుచుకుంటుంది. గడప దాటితే నేల 3 అంగుళాలు కిందికి ఉంటుంది. ఒక చివర కమోడ్, ఇంకో చివర నాపరాళ్ళతో కట్టిన నీళ్ళ తొట్టి, మధ్యలో స్తంభం ఉన్న వాష్ బేసిన్. నున్నటి గులాబీ రంగు టైల్స్.

మేస్త్రీ పాత టైల్స్ మీదే కొత్తవి అతికిస్తే సగం ఖర్చులో అయిపోతుందంటున్నాడు. హైదరాబాద్‌లో ఉండే చెల్లెలు గాజు పార్టిషన్ పెట్టి హోటల్ రూంలా చేయిద్దామంటోంది. మేం అనుకున్నది రెండు లక్షల లోపు. ఏది ముందు, ఏది తర్వాత? చేయించినవాళ్ళు చెప్పండి.

---

బేల్దారి కొడుకు · తాడిపత్రి

అక్కా, టైల్స్ షాపుకు ఇప్పుడే వెళ్ళొద్దు. ముందు టేపు తీసుకుని వీల్‌చైర్ కొలవండి. ఒక చక్రం బయటి అంచు నుంచి రెండో చక్రం బయటి అంచు వరకు. మామూలు చైర్లు 24 నుంచి 26 అంగుళాలుంటాయి. మీ తలుపు 27 అంగుళాలు, అందులో ఫ్రేము, తలుపు మందం పోతే చైర్ దూరదు. దూరినా చేతివేళ్ళు గోక్కుపోతాయి. కాబట్టి మొదటి పని తలుపు, రెండోది నేల. ఈ రెండూ కుదరకపోతే లోపల ఎంత ఖరీదైనవి పెట్టినా మీ నాయన గడప దగ్గరే ఆగిపోతారు.

టైల్ మీద టైల్ మాత్రం వద్దు. దానికి మూడు కారణాలు. మీ గది వెడల్పు 5 అడుగులే, రెండు గోడల మీదా ఇంకో పొర వేస్తే ఇంచుమించు అంగుళం పోతుంది. మీకు ఆ అంగుళం కావాలి. రెండోది, కింద 1994 నాటి పైపులుంటాయి. అప్పట్లో ఎక్కువగా జీఐ (జింకు పూత ఇనుప) పైపులే వేసేవాళ్ళు, లోపల తుప్పు పట్టి సగం మూసుకుపోయి ఉంటాయి. అవి అలాగే వదిలేసి పైన మెరుగులు పెడితే ఎప్పుడో ఒకప్పుడు కొత్త టైల్స్ పగలగొట్టాల్సిందే. మూడోది, పట్టుకునే కడ్డీలు. బోలుగా ఉన్న పాత టైల్ మీద కొత్త టైల్ అతికించి దానికి కడ్డీ బిగిస్తే, మనిషి బరువు పడిన రోజు రెండు టైల్సూ ఊడి చేతిలోకి వస్తాయి.

---

రిటైర్డ్ ఏఈ · అనంతపురం

అమ్మా, కొలతలు నేను ఇస్తాను. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో దివ్యాంగులకు, వృద్ధులకు అనువైన కట్టడాల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి ముఖ్యంగా ప్రజా భవనాల కోసం. అయినా ఇంట్లో కూడా అవే మంచి ఆధారం.

తలుపు తెరిచాక ఖాళీగా మిగిలే వెడల్పు 900 మిల్లీమీటర్లు, అంటే 3 అడుగులకు ఒక పిసరు తక్కువ. ఫ్రేముతో కలిపి గోడలో 3 అడుగుల 3 అంగుళాల దాకా కోయాలి. కోసే ముందు పైన లింటెల్, అంటే తలుపు మీద గోడ బరువు మోసే దూలం, ఎంతవరకు ఉందో చూడండి. ఆ కాలంలో చాలా ఇళ్ళకు నాలుగు గోడల మీదా ఒకే లింటెల్ బెల్ట్ పోసేవాళ్ళు, అలా ఉంటే సమస్య లేదు. విడి లింటెల్ అయితే కొత్తది వేయించకుండా గోడ కోయనివ్వొద్దు.

వీల్‌చైర్ ఉన్నచోటే పూర్తిగా తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఖాళీ కావాలి. మీ వెడల్పు 5 అడుగులంటే 1524. సరిగ్గా సరిపోతుంది, కానీ తొట్టి, బేసిన్ స్తంభం రెండూ పోవాలి. బేసిన్‌ను గోడకు వేలాడదీసి కింద మోకాళ్ళు దూరే ఖాళీ వదిలితే ఆ చోటు కూడా తిరగడానికి కలిసొస్తుంది.

కమోడ్ సీటు ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు. మామూలువి 400 దాకానే ఉంటాయి.

నేల వాటం 1:80 చాలు. స్నానం చేసే భాగం 4 అడుగులనుకుంటే మొత్తం పల్లం 15 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం పైచిలుకు. మిగతా భాగం దాదాపు సమంగానే ఉంచవచ్చు. మూలన నీళ్ళు పోయే గుండ్రటి జాలీ ఒకటి పెడితే నాలుగువైపుల నుంచి వాటం ఇవ్వాలి, చైర్ ఒరుగుతుంది. చివరి గోడ పొడవునా పొడవాటి జాలీ పెట్టండి, నేల ఒకే వైపుకు వాలుతుంది. మీది కింది అంతస్తు కాబట్టి ఎంత తవ్వాలన్నా తవ్వవచ్చు. ఇది మీకున్న పెద్ద సౌకర్యం.

---

ఫిజియో · కడప

మీ నాయనగారికి కుడివైపు బలహీనం అన్నారు. అయితే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది: కమోడ్ మీద కూర్చున్నప్పుడు గోడ ఏ చేతివైపు ఉంది? కడ్డీ ఆయన ఎడమ చేతికి అందాలి. చాలా ఇళ్ళలో గోడ ఎటుంటే అటు కడ్డీ బిగించేస్తారు. పని చేయని చేతివైపు ఎంత గట్టి కడ్డీ ఉన్నా ఆ మనిషికి ఉపయోగం లేదు. నా దగ్గరకు వచ్చే కుటుంబాలకు నేను పదేపదే చెప్పేది ఇదే.

కూర్చోవడం కన్నా లేవడం కష్టం. అందుకే సీటు పక్కన అడ్డంగా ఒక కడ్డీ, దాని ముందు చివర నిలువుగా ఇంకొకటి ఉండాలి. రెండూ కలిసి ఎల్ ఆకారంలో ఒకే ముక్కగా దొరుకుతాయి. అడ్డ కడ్డీ మీద అరచెయ్యి ఆనించి పైకి నెట్టుకుంటారు, నిలువు దాన్ని పట్టుకుని నిలదొక్కుకుంటారు. అడ్డ కడ్డీ సీటుకు 8 నుంచి 10 అంగుళాల పైన ఉంటే చాలామందికి సరిపోతుంది. పుస్తకంలో కొలతలు ఎలా ఉన్నా, బిగించే రోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడికి హాయిగా వస్తుందో గోడ మీద పెన్సిల్‌తో గీయించండి.

ఇంకోటి. వీల్‌చైర్ నుంచి సీటు మీదికి మారేటప్పుడు బలమున్న వైపుకు జరగడం సులువు. తిరిగి వచ్చేటప్పుడు బలహీనమైన వైపుకు జరగాలి. ఎవరైనా పక్కన ఉండాల్సింది అప్పుడే. అది అమ్మకు ముందే నేర్పించాలి. ఆయనకు ఫిజియోథెరపీ చేస్తున్నవాళ్ళను ఒక్కసారి ఇంటికి పిలిచి ఆ చోటు చూపించండి.

---

తుంగభద్ర గట్టు · కర్నూలు

చాలా ఉపయోగపడే మాట చెప్పారు మేడమ్. ఇప్పుడే వెళ్ళి చూశాను. కమోడ్ పడమటి గోడకు ఆనుకుని తూర్పు ముఖంగా ఉంది. కూర్చుంటే గోడ కుడిచేతి వైపే, తలుపు ఉన్న గోడ అది. అంటే ఇప్పుడున్న చోట నాయనకు పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ అమ్మ భుజమే పట్టుకున్నారు.

కమోడ్‌ను అవతలి మూలకు జరపాలంటే ప్లంబర్ చాలా పెద్ద పని అంటున్నాడు. నిజంగా అంత కష్టమా?

---

రిటైర్డ్ ఏఈ · అనంతపురం

పడమటి గోడ అవతల ఏముంది? బయటి సందు, చాంబర్ (మురుగు పైపులు కలిసే గుంత) ఉంటే ఏమీ కష్టం కాదు. ఇప్పుడున్న కమోడ్ పైపు నేలలోకి దిగుతూ ఉంటుంది, దాన్ని ఎస్ ట్రాప్ అంటారు. దాని బదులు పీ ట్రాప్ ఉన్న కమోడ్ తీసుకుంటే పైపు వెనక గోడలోంచి నేరుగా బయటికి వెళ్ళిపోతుంది. బయట 110 మిల్లీమీటర్ల పైపు రెండు మూడు అడుగులు పొడిగించి పాత చాంబర్‌లో కలపడమే. లోపల నేల తవ్వే పని తగ్గుతుంది కూడా.

కమోడ్ మధ్యగీత ఉత్తరపు గోడకు, అంటే ఆయన ఎడమ చేతివైపు గోడకు, 18 అంగుళాల దూరంలో రావాలి. అంతకంటే దూరమైతే చెయ్యి చాచాలి, దగ్గరైతే మోచెయ్యి ఇరుక్కుంటుంది. అలా పెడితే కుడివైపు, తలుపు దిక్కున, దాదాపు 3 అడుగుల ఖాళీ మిగులుతుంది. చైర్ అక్కడ ఆగుతుంది, ఆయన ఎడమవైపుకు జరుగుతారు. ఫిజియో మేడమ్ చెప్పినట్టు సరిగ్గా కుదురుతుంది.

పై అంతస్తుల్లో జరపడం వీలుకానివాళ్ళకు ఇంకో దారి ఉంది. వెనక గోడకు బిగించే మడత కడ్డీలు వస్తాయి. అవసరమైనప్పుడు దించుకుని, లేనప్పుడు పైకి మడిచేయవచ్చు.

---

చక్రాల మీద · కడప

నేను వీల్‌చైర్ వాడే మనిషిని. ప్రమాదం తర్వాత చాలా ఏళ్ళుగా ఇదే నా నడక. ఇంజనీరు గారు చెప్పిన కొలతలన్నీ సరైనవే. అయితే కొలతల్లో కనపడనివి కొన్ని ఉంటాయి, అవి రోజూ వాడేవాళ్ళకే తెలుస్తాయి.

అద్దం. నిలబడేవాళ్ళ ఎత్తుకు బిగిస్తారు, కూర్చున్న మనిషికి నుదురు మాత్రమే కనిపిస్తుంది. కింది అంచు బేసిన్‌కు ఆనుకునేలా పొడవు అద్దం పెట్టండి. మీ నాయన తన గడ్డం తానే గీసుకుంటారు.

తువ్వాలు కొక్కెం. తలుపు వెనక పైన ఉంటే నాకు అది లేనట్టే. నేల నుంచి 4 అడుగుల లోపు ఉండాలి. సబ్బు, మగ్గు, హ్యాండ్ షవర్, ట్యాప్ అన్నీ కూర్చున్నచోటు నుంచి ఒంగకుండా అందాలి. ట్యాప్‌కు గుండ్రటి పిడి వద్దు, పొడవాటి పిడి పెట్టండి. వేళ్ళతో తిప్పలేనివాళ్ళు మణికట్టుతో నెట్టవచ్చు. హెల్త్ ఫాసెట్‌ను (కమోడ్ పక్కన కడుక్కునే చిన్న స్ప్రేను) కూడా ఎడమవైపే పెట్టండి, దీన్ని అందరూ మరిచిపోతారు.

తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదంటే జరిగే తలుపు ఉండాలి. లోపల మనిషి పడిపోయి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరిచే తలుపును ఎవరూ తెరవలేరు. గడియ కూడా బయట నుంచి నాణెంతో తిప్పగలిగేది దొరుకుతుంది. మీ నాయన లోపల గడియ పెట్టుకోనీ, అది ఆయన హక్కు. మీకు భయం లేకుండా ఈ గడియ ఉంటే చాలు.

కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి కమోడ్ దగ్గర, నేలకు జానెడు ఎత్తులో. పడినవాళ్ళు పడినచోటు నుంచే నొక్కాలి కదా. వైర్‌లెస్ బెల్ అయితే గోడ కోయక్కర్లేదు.

ఇంకొక మాట, నా మనసులోది. దాన్ని ఆసుపత్రిలా చేయకండి. తెల్ల గోడలు, స్టీలు కడ్డీలు చూస్తే రోజూ పొద్దున్నే నువ్వు రోగివని ఎవరో చెప్పినట్టుంటుంది. మీ చెల్లెలు అందంగా ఉండాలని అడుగుతోందంటే ఆమెను కొట్టిపారేయకండి.

---

బెంగళూరు నుంచి కడప · కడప

పై మాట చదివి నా వంతు రాయాలనిపించింది. మా అత్తామామల కోసం ఎర్రముక్కపల్లిలో ఇలాంటి పనే చేయించాం. గాజు పార్టిషన్ విషయంలో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, చివరికి వద్దనుకున్నాం. చైర్ తిరిగే చోటును అది రెండు ముక్కలు చేస్తుంది. మా బోరు నీళ్ళకు గాజు మీద తెల్లటి మచ్చలు కొన్ని వారాల్లోనే వస్తాయి. దాని బదులు పైకప్పుకు రైలు బిగించి, కింది అంచు బరువుగా ఉన్న కర్టెన్ పెట్టాం. లాగేస్తే గదంతా ఒకటే.

గోడకు వేలాడే కమోడ్ గురించి కూడా ఆలోచించండి. ఎత్తు మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు, కింద తుడవడం సులువు, చైర్ పాదాల పట్టీలు దాని కిందికి దూరుతాయి.

---

బేల్దారి కొడుకు · తాడిపత్రి

అన్నా, వేలాడే కమోడ్ మంచిదే కానీ దాని బరువంతా గోడలో దాచిన ఇనుప ఫ్రేము మోస్తుంది. ఆ ఫ్రేమును నేలకూ గోడకూ సరిగ్గా బిగించే ప్లంబర్లు మన ఊళ్ళలో తక్కువ. దాచిన ఫ్లష్ ట్యాంకులో వాల్వు చెడితే విడిభాగం దొరకాలి. గట్టినీళ్ళ ఊరులో ఆ వాల్వులు త్వరగా చెడతాయి. మనిషి ప్రాణం ఆధారపడే చోట నేనైతే నేలమీద కూర్చునేదే పెడతాను. ఎత్తు తక్కువైతే కింద కాంక్రీటు దిమ్మె పోయవచ్చు. దిమ్మె మాత్రం కమోడ్ అడుగు ఆకారంలోనే ఉండాలి. ముందుకు పొడుచుకొస్తే కాలికి తగులుతుంది.

---

రిటైర్డ్ ఏఈ · అనంతపురం

ఈ ఒక్క విషయంలో తమ్ముడితో ఏకీభవించను. ఫ్రేము సరిగ్గా బిగిస్తే గోడ కమోడ్‌కు భయం లేదు. అయితే రెండు లక్షల లోపు అన్నారు కాబట్టి ఆ డబ్బు వాటర్‌ప్రూఫింగ్‌కు, తలుపుకు పెట్టమంటాను.

వాటర్‌ప్రూఫింగ్ ఎలా చేయించాలో రాస్తాను, ఎందుకంటే తొందరపడి దాటేసేది ఇక్కడే. పాతదంతా గట్టి నేల వచ్చేదాకా కొట్టేయాలి. కొత్త పైపులు వేసి నీళ్ళు వదిలి లీకు లేదని చూశాక, గోడ నేల కలిసే మూలలను సిమెంటుతో గుండ్రంగా పూడ్చాలి. తడిపి, పాలిమర్ కలిసిన సిమెంటు పూత రెండు పొరలు. మొదటిది అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. గోడల మీద కనీసం అడుగు ఎత్తు, షవర్ గోడకు 6 అడుగుల దాకా. తర్వాత జాలీ మూసి నీళ్ళు నిలిపి 48 గంటలు వదిలేయాలి. మట్టం తగ్గితే మళ్ళీ మొదటికి. మన ఎండలకు సిమెంటు పని మధ్యాహ్నం చేస్తే ఆరకముందే ఎండి పగుళ్ళిస్తుంది. పొద్దున్నే చేయించండి, తడి గోనెసంచులు కప్పండి.

వేడి నీళ్ళకు వేడిని తట్టుకునే సీపీవీసీ పైపు, మురుగుకు ఎస్‌డబ్ల్యూఆర్ అనే పీవీసీ మురుగు పైపు. కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్ అది. గీజర్ స్విచ్ బాత్రూం బయట ఉండాలి. లోపలి లైటు ఇన్వర్టర్ మీద ఉండాలి.

---

పాతబస్తీ · కర్నూలు

అక్కా, గడప తీసేసే ముందు ఒక్క మాట. 2009 అక్టోబర్ వరద మీకూ గుర్తుండే ఉంటుంది. మా పేటలో వీధి నీళ్ళు ఇంట్లోకి రాకముందే బాత్రూం జాలీలోంచి మురుగు పైకి తన్నింది. మీ వైపు అంత లోతట్టు కాకపోవచ్చు. అయినా బయటి చాంబర్‌కు వెళ్ళే పైపులో నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఒకటి వేయించండి. దాన్ని తెరిచి శుభ్రం చేసే మూత ఉండాలి. నేల పగలగొట్టి ఉన్నప్పుడే ఇది చిన్న పని.

---

తుంగభద్ర గట్టు · కర్నూలు

ఇది ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. రాసుకున్నాను.

నేలకు ఏది వేయాలో ఇంకా తేలలేదు. అమ్మ మాత్రం రాయే కావాలంటోంది. తాను పుట్టినింట్లో జాలాడి అంతా బేతంచెర్ల రాయే, ఎన్నడూ ఎవరూ జారలేదంటుంది.

---

బేల్దారి కొడుకు · తాడిపత్రి

అమ్మ చెప్పింది నిజం. అప్పటి రాయి గరుకుది, ఉలితో చెక్కింది. ఇప్పుడు షాపుల్లో అద్దంలా పాలిష్ చేసిన కడప నల్లరాయి చూపిస్తారు, తడిస్తే అది ప్రమాదం. గరుకు ఫినిష్ అడగండి, అది ఇప్పటికీ దొరుకుతుంది. ఒక షరతు: మా తాడిపత్రి రాయి, బేతంచెర్ల రాయి, కడప రాయి, అన్నీ సున్నపురాయి జాతివే. బాత్రూం కడిగే యాసిడ్ పడితే పొంగి, తెల్లబడి గుంతలు పడతాయి. పనిమనిషి యాసిడ్ వాడకుండా చూసుకోగలిగితేనే రాయి.

చూసుకోలేమనుకుంటే అడుగు చదరం మ్యాట్ టైల్స్ తీసుకోండి, డబ్బా మీద ఆర్ 11 అని ఉండాలి, ఎంత జారకుండా ఉంటుందో చెప్పే గుర్తు అది. పెద్ద పెద్ద టైల్స్ నేలకు వద్దు. చిన్నవైతే సందులు ఎక్కువ, కాలికి పట్టు దొరుకుతుంది. సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే మురికి పట్టదు.

స్నానానికి కూర్చోవడానికి మాత్రం రెండంగుళాల కడప రాయితో అరుగు కట్టించండి. అంచులు గుండ్రంగా కొట్టించి, గోడలోకి దూర్చి, ఎత్తు వీల్‌చైర్ సీటుతో సమానంగా. ప్లాస్టిక్ స్టూలు జరుగుతుంది, ఈ అరుగు జరగదు.

---

జేజి మనవరాలు · అనంతపురం

ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ నూనె స్నానం మాట ఎవరూ ఎత్తలేదు! మన ఇళ్ళలో పెద్దవాళ్ళు నువ్వుల నూనె పట్టించుకోకుండా ఉంటారా? నూనె, సున్నిపిండి, కుంకుడు రసం కలిసి నేల మీద పడితే ఎంత మంచి టైల్ అయినా జారుతుంది. షాపులో రెండు మూడు టైల్స్ నమూనాలు అడిగి ఇంటికి తెచ్చుకోండి. నూనె రాసి, నీళ్ళు పోసి, చేత్తో గట్టిగా రుద్ది చూడండి. నీళ్ళతో మాత్రమే పరీక్షించి కొనొద్దు. నూనె పట్టించడం బాత్రూం బయట కుర్చీలో కూర్చుని పూర్తి చేసి, పాదాలు తుడుచుకుని లోపలికి వెళ్ళడం ఇంకా మంచిది.

రెండోది రంగు. మా జేజికి కంట్లో శుక్లాలు. తెల్ల గోడ, తెల్ల నేల, తెల్ల కమోడ్ అన్నీ ఆమెకు ఒకటిగా కలిసిపోయేవి. సీటు ఎక్కడుందో చేత్తో తడుముకునేది. నేల ముదురు బూడిద రంగు, గోడ లేత రంగు, కడ్డీలు గోడలోంచి కొట్టొచ్చినట్టు కనపడే రంగు పెట్టుకోండి. మంచం దగ్గర నుంచి కమోడ్ దాకా కదలికకు వెలిగే చిన్న లైట్లు, పసుపు వెలుగువి పెడితే రాత్రి స్విచ్ వెతుక్కునే పని ఉండదు.

మూడోది చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఆ వైపు చర్మానికి వేడి సరిగా తెలియదు. గీజర్ ఆపేసి ఉంది కదా అని చన్నీళ్ళ ట్యాప్ తిప్పితే కాలేది ఆ నీళ్ళతోనే. ట్యాంకుకు నీడ కల్పించండి, ఎండలో ఉన్న పైపుకు ఫోమ్ చుట్టించండి. ఏ కాలమైనా ముందు ఎడమ చేతి మీద నీళ్ళు పోసుకుని చూడడం ఆయనకు అలవాటు చేయండి.

---

ఫిజియో · కడప

పైన వేడి నీళ్ళ గురించి రాసిన చివరి పేరాను అందరూ రెండుసార్లు చదవాలి. గీజర్ థర్మోస్టాట్‌ను (ఎంత వేడి కావాలో పెట్టే మీటను) కూడా తగ్గించి ఉంచండి. ఒంటి మీద పడే నీళ్ళు 40 డిగ్రీల దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది, 60 డిగ్రీల నీళ్ళు పడితే కొన్ని సెకన్లలోనే చర్మం కాలిపోతుంది.

---

బెంగళూరు నుంచి కడప · కడప

ఒక సందేహం. కమోడ్ తూర్పు ముఖంగా ఉండకూడదని వాస్తు చెప్పేవాళ్ళు అంటారు. మా మామగారు దానికోసం ప్లాన్ మార్చారు. మీ ఇంట్లో అభ్యంతరం రాలేదా?

---

తుంగభద్ర గట్టు · కర్నూలు

వచ్చింది, మా మేనమామ అడిగారు. నాయనే సమాధానం చెప్పారు. ముప్ఫై ఏళ్ళుగా అటే తిరిగి ఉంది, కడ్డీ ఎడమ చేతికి వస్తే చాలు అన్నారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

---

తుంగభద్ర గట్టు · కర్నూలు

పని పూర్తయింది, అందుకే మళ్ళీ వచ్చాను. పని జరిగినన్నాళ్ళూ అమ్మానాయనను పై అంతస్తులో మా దగ్గర ఉంచుకోవాలంటే మెట్లు అడ్డం. ముందు గదిలో కమోడ్ చైర్ పెట్టి నెట్టుకొచ్చాం. మీరెవరైనా మొదలుపెడితే ఆ ఏర్పాటు ముందే చూసుకోండి.

తలుపు బెడ్‌రూం గోడ వెంబడి జరిగేది పెట్టించాం, పైనుంచి వేలాడుతుంది, నేల మీద పట్టాలు లేవు. లింటెల్ బెల్ట్ ఉండడంతో గోడ కోయడం సులువుగానే అయింది. కమోడ్ ఉత్తరపు మూలకు వెళ్ళింది, నేలమీద కూర్చునేదే. వెనక్కి వచ్చే నీళ్ళను ఆపే వాల్వు వేయించాం. గడప లేదు. బెడ్‌రూం నేల, బాత్రూం నేల ఒకే మట్టం.

సీటు ఎత్తు దగ్గర ఆగిపోయాం. నాయన పొడగరి, అమ్మ చాలా పొట్టి. 19 అంగుళాలు పెడితే అమ్మ పాదాలు గాలిలో వేలాడుతున్నాయి. కాళ్ళకింద పీట వేస్తే రాత్రి అదే తగిలి పడతారు. ఫిజియో చేసే అబ్బాయి ఇద్దరి మోకాలి మడత నుంచి నేల దాకా కొలిచి 17 అంగుళాలకు ఖాయం చేశాడు. అమ్మ పాదాలు ఆనుతాయి, నాయన కడ్డీ సాయంతో లేస్తున్నారు.

నేల విషయంలో రెండు మాటలూ విన్నాం. నేలంతా మ్యాట్ టైల్స్, నూనె పరీక్ష చేసి మరీ తెచ్చాం. అమ్మ కోసం అరుగు, బేసిన్ కింది బల్ల రెండూ రాతితో. చెల్లెలు రంగులు ఎంచింది: లేత ఇసుక రంగు గోడలు, నల్లటి కడ్డీలు, కిటికీ దగ్గర మనీ ప్లాంట్. వెంటిలేటర్ గూడును పెద్ద కిటికీ చేశాం, అరుగు మీద కూర్చుంటే వేపచెట్టు కనిపిస్తుంది. నాయన పొద్దున ఎక్కువసేపు లోపలే ఉంటున్నారు. గడియ పెట్టుకుని, తానే గడ్డం గీసుకుని వస్తున్నారు. లోపలికి వెళ్ళేటప్పుడు అమ్మ తోడు ఉంటోంది, తర్వాత బయటికి వచ్చేస్తోంది.

ఖర్చు అనుకున్నదాని కంటే కొంత ఎక్కువైంది. పగలగొట్టడం, మట్టి ట్రాక్టర్లో తోలించడం, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, ఇవే సగం తిన్నాయి. షవర్, ట్యాపులు మామూలువే తీసుకున్నాం. తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నేల కింద ఉన్నవి మార్చుకోలేం.

---

రుద్రంపేట · అనంతపురం

చాలా ఉపయోగపడే చర్చ. మేం రెండో అంతస్తులో అద్దెకుంటాం. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది, వచ్చేవారం ఇంటికి తెస్తున్నాం. ఏమీ పగలగొట్టే వీల్లేదు. ఏం చేయగలం?

---

ఫిజియో · కడప

మొదట కమోడ్ ఎత్తు. తుంటి ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు తక్కువ ఎత్తులో కూర్చోకూడదని డాక్టర్లు చాలామందికి చెబుతారు. ఆమె డాక్టర్‌ను ఎన్ని అంగుళాలుండాలో అడిగి, సీటు మీద బిగించే ఎత్తు పీఠం కొనండి, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. రెండువైపులా చేతులున్నది తీసుకోండి. లేదా కింద రంధ్రం ఉన్న కమోడ్ చైర్‌ను నేరుగా కమోడ్ మీదికి నిలబెట్టవచ్చు.

స్నానానికి రబ్బరు బూట్లున్న, వీపు ఆనే కుర్చీ. ట్యాప్‌కు తగిలించే హ్యాండ్ షవర్. గోడకు గాలితో అతుక్కునే కడ్డీలు ఎంత బాగా కనిపించినా కొనొద్దు, బరువు పడితే ఊడతాయి. తువ్వాలు తగిలించే కడ్డీని పట్టుకోవద్దని ఆమెకు మొదటి రోజే చెప్పండి.

---

చక్రాల మీద · కడప

తలుపు లోపలికి తెరుచుకుంటే ఇంటివాళ్ళను అడిగి బందులు బయటివైపుకు మార్పించండి, వడ్రంగికి అది చిన్న పని. ఒప్పుకోకపోతే కొన్నాళ్ళు తలుపు తీసేసి పక్కన పెట్టి మందపాటి పరదా కట్టండి. గడప అంగుళమో రెండంగుళాలో ఉంటే అంచుకు రంగు టేపు అంటించండి, వాకర్ ఎత్తాల్సిన చోటు ఆమెకు కనపడుతుంది. వైర్‌లెస్ బెల్ మాత్రం ఆమె వచ్చేలోపే తెచ్చి పెట్టుకోండి.